జమ్లీబాయి పెట్టని వాత

2025 అక్టోబరు 5, ఆదివారం, పొద్దున. జనగామ.

బయల్దేరినవాళ్ళు: నేను, నా భార్య సుగుణ, కారు నడిపే ఖాజా. వెంట ఉన్నవి: భూపాలపల్లిలో ఉండే మా అక్క ఈశ్వరమ్మకు ఒక చీర, కవరులో జమ్మి ఆకు, రొట్టె, బెల్లం కలిపి సుగుణ చేసిన మలీద ముద్దలు, నా డైరీ.

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినప్పుడు అంటుకున్న అలవాటు ఇది. ఏ కాలువ కొలిచినా ముందు తేదీ వేయాలి, తర్వాత ఆ చోట ఉన్నవాళ్ళ పేర్లు రాయాలి. పదవీ విరమణ తర్వాత కూడా అలాగే రాస్తున్నాను. అయితే ఆ పొద్దున నా జాబితాలోకి ఎక్కని ప్రయాణికుడు ఒకడున్నాడు. సుగుణ ఒంట్లో జ్వరం అప్పటికే మాతో బయల్దేరింది. దసరా నాటి నుంచే ఉందట. మాత్ర వేసుకుని దాచింది.

దసరా పోయిన వారంలోపు అక్క చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకు మొక్కి రావడం నాకు ఏటా ఉన్నదే. మామూలుగా వరంగల్ మీదుగా పోతాం. ఈసారి పెద్దవంగర, మహబూబాబాద్ చుట్టూ తిరిగి పోదామన్నది సుగుణే. పెద్దవంగర దగ్గరి తండాలో ఆమెకు పాత సోపతి ఉంది, జమ్లీబాయి. నాకు కూడా నేను పనిచేసిన కాలువల్లో నీళ్ళు పారుతుంటే చూడాలని ఉంది. ఇద్దరం ఒక మాట మీద నిలబడ్డ అరుదైన సందర్భం.

ఎవరెవరి వల్ల ఈ ప్రయాణం ప్రయాణంగా మిగిలిందో మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను. ఆ దారిన పోనివాళ్ళకు దారి కూడా కొంత తెలుస్తుంది.

దేవరుప్పుల దారి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ దారి పొడుగునా ఎర్ర మొరం, ఆముదం చెలకలు, తంగేడు పొదలు. బోరు వేసిన రైతు మొహంలోకి చూడలేకపోయేవాళ్ళం. ఇప్పుడు రోడ్డుకు రెండు పక్కలా వరి. కొన్ని మళ్ళు పొట్ట మీద ఉన్నాయి, కొన్ని పసుపు తిరిగాయి. దసరా దాటినా వాన వదల్లేదు. మడవల్లో నీళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి.

తూము కనిపించిన ప్రతిచోటా కారు ఆపమన్నాను. నాలుగోసారి ఖాజా స్టీరింగు మీద చేతులు పెట్టి వెనక్కి తిరిగాడు.

"సాబ్, గిట్ల ప్రతి తూము కాడ ఆపితే అక్క కాడికి దసరాకు గాదు, ఉగాదికి పోతం."

"ఆపు ఖాజా," అంది సుగుణ. "ఆయనకు మనుషుల కంటె తూములే దగ్గరి చుట్టాలు."

దేవరుప్పుల దాటాక ఒక పెద్దమ్మ రోడ్డు పక్కన సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. చిన్న గంప నూట యాభై అన్నది. ఎక్కువ కదా అన్నాను.

"ఎక్కువనే బాపు. ఎనుకట గుట్ట మీద ఏరుకున్నంత. గిప్పుడు గుట్ట కూడ చదును జేసి నాటు ఏసిన్రు. మిగిలిన చెట్లు కాలువ గట్టు పొదలల్ల. ఆడ ఎలుకలు, పాములు, అడివి పందులు. పానం అరచేతుల పెట్టుకొని తెంపుకొస్తున్న. పానానికి ఏం ధర కడ్తవో కట్టు."

"మాకు గునుగు పువ్వు కూడ గంతే అవ్వా," అంది సుగుణ. "చెలక గట్ల పొంటి తెల్లగ విరగబూసేది. చెలకలు పోయినయ్, గడ్డిమందు గొట్టి గట్లు మాడ్చిన్రు. ఈసారి బతుకమ్మకు మా వాడకట్టు ఆడోళ్ళమందరం కాలువ గట్టు పొదలల్ల దూరి తెంపుకొచ్చినం. చీరెలు చినిగినయ్."

బేరం తెగేలోపు ఒక కోతి కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి మలీద ముద్దల డబ్బా ఎత్తుకుపోయింది. ఖాజా చెప్పు విసిరాడు. కోతి డబ్బా వదల్లేదు సరికదా, చెప్పు కూడా తీసుకుంది.

"నీళ్ళొచ్చినంక కోతులకు గూడ నోరు లేసింది," అంది పెద్దమ్మ, రెండు పళ్ళు అదనంగా వేస్తూ. ఖాజా ఆ రోజంతా ఒంటి చెప్పుతో నడిపాడు.

సుగుణ నవ్వలేదు. అప్పుడు గమనించాను. అడిగితే, "బతుకమ్మ ఆడి ఆడి నడుం పట్టింది," అంది.

జమ్లీబాయి తండా

కాలువ సర్వే జరిగిన ఏళ్ళలో పెద్దవంగరలో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాం. రోజూ పొద్దున తండా నుంచి పాలు తెచ్చి పోసేది జమ్లీబాయి. మా పిల్లలిద్దరూ ఆ పాలు తాగి పెరిగినవాళ్ళే. అప్పుడు తండాలో సగం ఇళ్ళకు తాళాలు. కరువుకు ఓర్వలేక పుణె వైపు కూలికి పోయేవాళ్ళు. ఇప్పుడు ఏ ఇంటికీ తాళం లేదు. ముంగిట్లో ట్రాక్టర్లు, అరుగుల మీద వడ్ల సంచులు, మంచాలకు దోమతెరలు.

జమ్లీబాయి మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చునే ఎగాదిగా చూసింది.

"ఏంది సారూ, నీళ్ళు తెస్త, నీళ్ళు తెస్త అని పోయినవ్. నీళ్ళొచ్చినయ్ గని నువ్వు రాలే."

"వచ్చిన గద ఇప్పుడు."

"పెండ్లాం గుంజుకొస్తె వచ్చినవ్. సుగుణా, లోపల్కి రా. ఈయనను బైటనే కూసోనియ్యి."

జొన్న రొట్టె, నాటుకోడి కూర, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. మా ఇళ్ళల్లో చుట్టానికి ముందు వడ్డించి, ఇంటివాళ్ళు పక్కన నిలబడి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటారు. ఆ ఇంట్లో చుట్టాన్ని ఒంటరిగా తిననివ్వరు. జమ్లీబాయి కొడుకు, కోడలు, ఖాజా, నేను, అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నాం. వద్దని చెప్పడానికి సందు దొరకదు. ఎవరి రొట్టె ఎంత తిన్నానో కూడా తెలియలేదు.

తండాలో జ్వరాలు ఎట్లా ఉన్నాయని అడిగాను. ప్రతి మంచానికీ తెర ఉండటం చూసే అడిగాను.

"ఉన్నయ్ సారూ. వానకాలం మొదలైతె ఇంటికొకలు పడుతున్నరు. నీళ్ళు లేనప్పుడు ఆకలుండె. నీళ్ళొచ్చినంక జరమొచ్చింది. రెండిట్ల ఏది గావాల్నని అడుగుతె నేనేమంటనో చెప్పన్నా?"

"చెప్పు."

"జరమే గావాలంట. జరానికి మందుంటది."

ముప్పై ఏళ్ళు నీళ్ళ శాఖలో పనిచేసిన నాకు ఎవరూ ఇంత చిన్న మాటలో ఆ పని విలువ చెప్పలేదు. సంతోషంతో డైరీలో రాసుకున్నాను. ఆ మాటకు ఇంకో కొస ఉందని ఆ క్షణాన తోచలేదు.

సుగుణ రొట్టె ముట్టుకోలేదు. నుదురు పట్టి చూస్తే పెనంలా ఉంది. నా సంచిలోని థర్మామీటరు పెట్టి కొలిచాను, నూట రెండు. జమ్లీబాయి నన్ను పక్కకు నెట్టి, నీళ్ళు కాచి, తలుపు మూసి సుగుణకు ఒళ్ళు తుడిచి, తన కోడలి చీర కట్టించి పడుకోబెట్టింది. రాత్రి అక్కడే ఉన్నాం. తెల్లవారాక కొంచెం తేలికపడ్డట్టు కనిపించింది. వెనక్కి పోదామన్నాను. సుగుణ ఒప్పుకోలేదు.

"వదినె ఎదురుసూస్తుంటది. ఎనబై ఏండ్ల మనిషి. ఈసారి పోకపోతె మళ్ళ యేడు ఎవరుంటరో ఎవరు పోతరో. దారిల దవాఖాన్ల చూపెట్టుకుంట గని, నడువు."

కారెక్కే ముందు జమ్లీబాయి ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏమిటని అడిగాను.

"ఆడోళ్ళ ముచ్చట. గది కూడ నీ పుస్తకంల రాస్కుంటవా?"

మానుకోట

మహబూబాబాద్‌ను ఇక్కడ మానుకోట అనే అంటారు. ఒక చిన్న క్లినిక్కులో చూపించాం. బెంచీల మీద చోటు లేదు. నా పక్కన ఒక మిరప రైతు సెలైను ఎక్కించుకున్న చెయ్యి మడిచి కూర్చున్నాడు.

"మిరపకు రోగమొస్తె నేను మందు గొడ్త," అన్నాడు నాతో, ముందూ వెనకా లేకుండా. "నాకు రోగమొస్తె వీళ్ళు కొడుతున్నరు. లెక్క సరిపోయింది."

"జ్వరాలు ఎక్కువగా ఉన్నాయా ఇక్కడ?"

"ఎనుకట జరానికి ఒక కార్తె ఉండె సారు. గా కార్తెల వచ్చేది, పొయ్యేది. గిప్పుడు వానకు కార్తె లేదు, జరానికీ లేదు. రెండూ సుట్టాలోలె ఎప్పుడంటె అప్పుడు దిగుతున్నయ్."

రక్తం పరీక్షలో మలేరియా లేదు, డెంగీ లేదు. ప్లేట్‌లెట్ కణాలు కొంచెం తగ్గాయి. డాక్టరు ఓపికగానే అడిగాడు. ఒంటి మీద గాయాలేమైనా ఉన్నాయా, పుండ్లున్నాయా అని. సుగుణ లేవంది. వైరల్ జ్వరంలా ఉంది, మాత్రలు వాడండి, తగ్గకపోతే పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని రాసిచ్చాడు. ఆయన తప్పేమీ లేదు. చూపించనిది ఎవరికీ కనిపించదు.

బయట బండి దగ్గర ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీలో మానుకోట మిరప. ఖాజా రెండు కళ్ళూ తుడుచుకుంటూ తిన్నాడు. కొత్త చెప్పులు కొన్నాడు. సుగుణ రెండు గుక్కల పాలు తాగి, దారిలో కక్కేసింది.

ములుగు అడవి

నర్సంపేట దాటి ములుగు వైపు తిరిగాక అడవి మొదలవుతుంది. మొన్నటి వానలకు ఒక కల్వర్టు కొట్టుకుపోయింది. పక్కన మట్టిదారి వేశారు. ఇంకోసారైతే దిగి ఆ కల్వర్టులో నీళ్ళు పోయే తూరలు ఎన్ని, ఎంత వెడల్పని చూసేవాణ్ణి. ఆ రోజు దిగలేదు.

సుగుణ వెనక సీట్లో పడుకుని ఉన్నట్టుండి అడిగింది.

"బర్లను తోలిన్రా?"

మాకు ఎప్పుడూ బర్రెల్లేవు. ఖాజా అద్దంలోంచి నన్ను చూశాడు. నేను అతణ్ణి చూశాను.

కొంచెం దూరం పోయాక రోడ్డు వార ఒక చిన్న దర్గా వచ్చింది. పచ్చ జెండా, సున్నం వేసిన గద్దె, అంతే. ఖాజా అడక్కుండానే బండి ఆపి దిగాడు. ఇంత చక్కెర కాగితంలో కట్టుకొచ్చి సుగుణ నాలుక మీద పెట్టాడు.

"ఫికర్ చెయ్యకు అమ్మా. గంటల అక్క ఇంట్ల ఉంటం."

అక్కడి నుంచి అతను పాటలు పెట్టలేదు. జోకులు వేయలేదు. గుంతలున్న చోట బండిని చంటిపిల్ల తొట్టెలా నడిపాడు. ఖాజా నా బంధువు కాదు, మా వీధివాడు మాత్రమే. ఆ గంట ప్రయాణానికి అతనికి ఎట్లా కృతజ్ఞత చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. కిరాయి అయితే లెక్క ప్రకారం తీసుకున్నాడు.

భూపాలపల్లి

భూపాలపల్లికి దగ్గరవుతుంటే ముందు పవర్ ప్లాంటు చిమ్నీ కనిపిస్తుంది, తర్వాత గుట్టలు. అవి దేవుడు పెట్టిన గుట్టలు కావు. బొగ్గు కోసం తవ్విన మట్టి పోయగా లేచినవి. వాటి మీద తుమ్మ, గడ్డి దట్టంగా పెరిగాయి. అక్క కొడుకు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. అక్క అతనితోనే క్వార్టర్లో ఉంటుంది.

గుమ్మంలోనే జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది కానీ చూపు సుగుణ మీదే ఉంది.

"గిదేంది తమ్మీ, గిట్లున్నది పిల్ల? ఎన్నడు మొదలైంది?"

సుగుణకు అరవై ఏడేళ్ళు. అక్కకు ఇంకా పిల్లే.

చెమటకు తడిసిన చీర మార్చడానికి అక్క ఆమెను లోపలికి తీసుకుపోయింది. మరుక్షణం కేక వినిపించింది.

"తమ్మీ! ఓ తమ్మీ! వాత పెట్టిన్రు దీనికి!"

పోయి చూశాను. ఎడమ పక్క నడుం మీద, లంగా బొందు కట్టే చోట, రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ. చుట్టూ ఎర్రగా ఉంది. దాని మీద ఆముదం, పసుపు రాసి ఉన్నాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కామెర్లకూ, మూర్ఛకూ, తగ్గని జ్వరానికీ ఇనుప ముక్కో పసుపు కొమ్మో కాల్చి ఒంటి మీద అంటించడాన్ని వాత పెట్టడం అంటారు.

"రాత్రి యాడున్నరు?"

"తండాలో."

"ఇంకేంది మరి. లంబాడోళ్ళ పనే."

నేను కాదనలేదు. ఔననీ అనలేదు. కానీ చెవిలో చెప్పిన ముచ్చట, ఇద్దరి నవ్వు, తలుపు మూసి ఒళ్ళు తుడవడం, అన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి వరుసలో నిలబడ్డాయి. లెక్క తేలిపోయిందనుకున్నాను.

దవాఖానకు తీసుకుపోయేసరికి సుగుణ ఎగశ్వాసగా ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు. మాటను బట్టి గోదావరి జిల్లాల అమ్మాయి. మచ్చ చూసి, "ఇదేంటండీ? ఏమన్నా కాలిందా?" అంది.

"తండాలో వాత పెట్టారండీ," అన్నాను. చూసినట్టే చెప్పాను.

ఆమె తల ఊపి, రాసుకుని, సెలైను సంగతి చూడసాగింది. నాకు కోపం ఆగలేదు. అక్కడే నిలబడి జమ్లీబాయికి ఫోను చేశాను. నాకు వినికిడి తక్కువ. అందుకని స్పీకరు పెట్టే మాట్లాడతాను. వార్డంతా వింది.

"జమ్లీ, సుగుణకు వాత ఎందుకు పెట్టినవ్?"

"ఏంది సారూ?"

"నడుము మీద. నాకు చెప్పకుండ ఎట్ల పెట్టినవ్?"



"నీ పిల్లలకు పాలు పోసిన చేతితోని నీ పెండ్లాన్ని గాలుస్తనా సారూ?"

"మరి ఆ మచ్చ ఏంది?"

"నీళ్ళతోని ఒళ్ళు తుడుస్తుంటె సూసిన. అప్పటికే ఉన్నది. దసరాకంటె ముందుగాలదట. లంగ బొందు ఒరుసుకున్నదని సుగుణనే చెప్పింది. సారుకు చెప్పకు, పయాణం ఆపుతడన్నది. ఆముదం రాసిన. గంతే నేను జేసింది." "నీ ఇంట్ల ఎవలకన్న ఏమన్నయితె ముందుగాల మా తండనే యాదికొస్తదా సారూ?"

ఫోను పెట్టేసింది.

ఫోను ఇంకా నా చేతిలో ఉండగానే డాక్టరమ్మ ఇటు తిరిగింది.

"ఆగండాగండి. ఏమన్నారావిడ? ఆ మచ్చ జ్వరానికి ముందే ఉందా?"

"అట్లా అంటోందండీ."

ఆమె దూదితో పసుపు, ఆముదం అంతా తుడిచింది. ఫోను టార్చి వేసి వంగి చూసింది. మచ్చ మీద వేలితో నొక్కింది.

"అమ్మా, నొప్పుందా?"

సుగుణ కళ్ళు తెరవకుండానే లేదని తల ఊపింది.

"కాలిందైతే ముట్టుకుంటే అరవాలండి," అంది డాక్టరమ్మ. "ఇది వాత కాదు. పురుగు కుట్టిన చోటు. స్క్రబ్ టైఫస్ అంటాం. నల్లికంటే చిన్న పురుగు, కంటికి కనబడదు. ఎలుకలుండే పొదల్లో, గడ్డి కొసల మీద కాచుకుని ఉంటుంది. బట్ట బిగుతుగా ఉండే చోట కరుస్తుంది. నొప్పి తెలీదు. వారం పది రోజులకి జ్వరం. దసరాకి ముందు ఎక్కడన్నా పొదల్లోకి వెళ్ళారా ఈవిడ?"

"గునుగు పువ్వుకు," అన్నాను. ఆమెకు గునుగు తెలియదు. బతుకమ్మ పేర్చే పువ్వని, చెలకలన్నీ పొలాలై ఇప్పుడు కాలువ గట్టు పొదల్లోనే దొరుకుతోందని చెప్పాను.

"నీళ్ళొచ్చాయి, వరొచ్చింది, గింజకి ఎలుకలొచ్చాయి. గట్టు మీద పొద పెరిగింది. వానలు చూస్తే దసరా దాటినా ఆగట్లేదు. ఆ పురుక్కి ఇంతకంటే ఏం కావాలండి? నేనొచ్చాక ఇక్కడ బొగ్గు మట్టి గుట్టల పక్కన మేకలు కాసేవాళ్ళలో కూడా చూశాను." అలా చెబుతూనే మందు రాసి నర్సు చేతికిచ్చింది. "పరీక్షకి పంపుతాను. కానీ రిపోర్టు వచ్చేదాకా ఆగను. మందు పాతదే, చవకదే. ఇప్పుడే మొదలుపెడదాం. రేపు పొద్దుటికి జ్వరం దిగడం మొదలవ్వాలి. ఊపిరి ఇలాగే ఉంటే మాత్రం వరంగల్ పంపాలి."

అక్క అప్పటిదాకా మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. "బిడ్డా, నీ మాట సినిమల మాటోలె ఉన్నది గని చెయ్యి మాత్రం మా ఇంటిదే," అంది. డాక్టరమ్మ నవ్వి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం వరండా బెంచీ మీద అక్క, నేను కూర్చున్నాం. మా కాలువ పనుల్లో 'జంగిల్ క్లియరెన్స్' అని ఒక పద్దు ఉండేది. గట్టు మీది పొదలు కొట్టించడం. గట్టు బలంగా ఉండటానికే అనుకునేవాళ్ళం. ఆ గట్టు పక్కన బతికేవాళ్ళ ఒంటికీ దానికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. నీళ్ళు తెచ్చినందుకు నాకు ఇప్పుడూ చింత లేదు. జమ్లీబాయి అన్నట్టు జ్వరానికి మందుంటుంది. కాకపోతే అది ఏ జ్వరమో తెలియాలి. తెలియడానికి ఒకరి మాట ఒకరు వినాలి.

అక్క ఎడమ చేతి రైక ముడిచి చూపించింది. మోచేతి పైన మాసిపోయిన తెల్లటి మచ్చ.

"గిది ఎవలు పెట్టిన్రో యాదికున్నదా?"

ఎందుకు లేదు. చిన్నప్పుడు కామెర్లు వస్తే మా నాయనమ్మ పెట్టిన వాత. అట్లాంటిదే నా పొట్ట మీదా ఉంది.

"మనకు పెట్టింది మన నాయినమ్మనే గద తమ్మీ. మరి నా నోట్లెకు తండోళ్ళ పేరెట్ల వచ్చింది?"

ఆమె నోట్లోకి రావడం ఒక ఎత్తు. నేను దాన్ని ఫోనులో అడిగాను. సంజాయిషీ చెప్పుకుందామని ఫోను తీశాను గానీ పేరు నొక్కలేకపోయాను. ఖాజా చూశాడు. నా చేతిలోంచి ఫోను తీసుకుని, మెట్ల కిందికి వెళ్ళి ఎవరితోనో చాలాసేపు మాట్లాడి వచ్చాడు.

"ఏమంది?" అన్నాను.

"డాక్టరమ్మ చెప్పిందంత చెప్పిన సాబ్. అమ్మ ఎట్లున్నదని అడిగింది. మీ సంగతి అడగలె."

మర్నాడు పొద్దున

తెల్లవారుజామున నర్సు వచ్చి జ్వరం చూసింది. తొంభై తొమ్మిది. నమ్మకం కలగక నా థర్మామీటరుతో నేను కూడా చూశాను. తొంభై తొమ్మిదే. ఊపిరి నెమ్మదించింది. సుగుణ కళ్ళు తెరిచి చుట్టూ చూసి మొదట అడిగింది నన్ను కాదు.

"వదినె యాడున్నది? జమ్మి పెట్టినవా?"

పెట్టానన్నాను. డాక్టరమ్మ వచ్చి చూసి, వరంగల్ పోనక్కర్లేదని, ఇంకా కొన్నాళ్ళు మందు ఆపకూడదని చెప్పింది. ఆమెకు చేతులెత్తి మొక్కాను. "అయ్యో, పెద్దవారు," అని రెండడుగులు వెనక్కి వేసింది.

బాగా పొద్దెక్కాక, అక్క సుగుణకు గంజి తాగిస్తుండగా, వార్డు గుమ్మంలో అద్దాల రవిక మెరిసింది. జమ్లీబాయి. చీకటితోనే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చింది. భుజాన ఒక మూట. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా పక్కనుంచే నడిచి మంచం దగ్గరికి వెళ్ళి సుగుణ నుదురు పట్టి చూసింది, మెడ పట్టి చూసింది. చెంప మీద మెల్లగా ఒకటి వేసింది.

"సారుకు చెప్పకు అన్నవు గదనే! సూడు, సారుకు చెప్పకుంటె ఏమైతదో."

సుగుణ కళ్ళనుంచి నీళ్ళు కారాయి. అక్క జరిగి జమ్లీబాయికి మంచం మీద చోటిచ్చింది. "నిన్న నా నోరు జారింది బిడ్డా," అంది. జమ్లీబాయి ఆమె చెయ్యి పట్టుకుని వదిలింది. అంతే. అక్కడితో అక్క పని అయిపోయింది.

నా పని మిగిలింది. రాత్రంతా సర్దుకున్న మాటలున్నాయి.

"జమ్లీ," అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది. మూట ఒళ్ళో పెట్టుకుని తట్టింది.

"సారూ, ఇనుప కడ్డీ మంచిగ ఎర్రగ కాల్చుకొని తెచ్చిన. నీకు అనుమానముంటె ఇప్పుడే పెడ్త. యాడ పెట్టమంటవో చెప్పు."

పక్క మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు. ముందు సుగుణ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చి, దగ్గుతూ మళ్ళీ నవ్వింది. తండాలో కారెక్కే ముందు విన్నాక మళ్ళీ ఇప్పుడే విన్నాను ఆ నవ్వు.

నేను చెయ్యి చాపాను. జమ్లీబాయి ఆ అరచేతి వైపు కాసేపు చూసింది. తర్వాత దాని మీద ఫట్టున ఒకటి కొట్టింది.

"పో, చాయ పట్టుకరా. గొంతెండిపోయింది బస్సుల."

చాయకు పోయాను.